మేస్త్రి మూయని బానెట్

మేస్త్రి పోయాడన్న సంగతి నాకు నూజివీడు బస్టాండులో సోడా కొట్టు దగ్గర తెలిసింది. చెప్పినాయన నాకు ముఖపరిచయమే. విస్సన్నపేట వైపు మామిడితోటలు గుత్తకి తీసుకుంటాడు. "మన ఇంజన్ల మేస్త్రి పోయాడంట కదండీ. పాపం, మంచి పనోడే. ఆ ఒక్క కారు దగ్గరే పేరు చెడగొట్టుకున్నాడు," అన్నాడు. ఆ కారు నాదని ఆయనకు తెలియదు. "అయ్యో, ఎప్పుడండీ?" అని మాత్రం అడిగి, సగం తాగిన సోడా బల్లమీద పెట్టేసి బస్సెక్కాను.

సీట్లో కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. యాభై దాటినవాణ్ణి. ఒక్క మాట చెప్పడానికి ఇంకా ఏ ముహూర్తం కోసం చూస్తున్నాను? కానీ ఒళ్ళు మండటం కూడా ఈ మధ్య ఎంతోసేపు ఉండటం లేదు. ఆగిరిపల్లి వచ్చేసరికి అదీ అలిసిపోయి ఊరుకుంది.

అతని పేరు నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. పదేళ్ళకు పైగా ఎరుగుదును. ఏనాడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నూజివీడు శివార్లలో తాటాకు షెడ్డు, దాని వెనకాలే రెండు గదుల ఇల్లు. ఖాకీ నిక్కరు, చిల్లుల బనీను, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. ఆ బీడీ షెడ్డులో వెలిగించగా నేను చూడలేదు. కుర్చీ తెచ్చి వేస్తే దాన్ని వచ్చినవాళ్ళకి జరిపి, తను బోర్లించిన మామిడికాయల బుట్ట మీద కూర్చునేవాడు. బుట్ట కుంగి నేలకంటితే ఇంకో బుట్ట తెచ్చుకునేవాడు.

కుర్రతనమంతా రైసుమిల్లు ఇంజన్ల దగ్గర గడిపి చెవులు సగం పోగొట్టుకున్నాడు. అందుకని ఇంజన్ని చెవితో వినేవాడు కాదు. జానెడు వేపపుల్ల ఒక కొస పళ్ళమధ్య కరిచిపట్టి, రెండో కొస ఇంజనుకి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. చూసేవాళ్ళకి మేస్త్రి ఇంజనుతో పళ్ళు తోముకుంటున్నాడేమో అనిపించేది. కొత్తగా వచ్చిన డ్రైవర్లు నవ్వేవాళ్ళు. కాసేపటికి పుల్ల తీసి, "మూడో సిలిండర్లో వాల్వు సరిగా కూచోట్లేదండి," అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఆ తర్వాత నవ్వేవాళ్ళు కాదు.

ఏ మాటకైనా జవాబు వెంటనే రాదు. మనం అడిగింది వినబడలేదేమోనని మళ్ళీ అడగబోతుంటే, "చూద్దామండి," అనేవాడు. ఎప్పటికవుతుంది మేస్త్రీ? చూద్దామండి. ఈ వారంలో అవుద్దా? చూద్దామండి. బస్సుల యజమాని ఒకాయన ఓసారి విసుగెత్తి షెడ్డు ఎగిరిపోయేలా కేకలేశాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అంతా విని, "పిందెలో పండిద్దామంటారా ఏంటండీ?" అన్నాడు. అంత పెద్ద మనిషీ నవ్వేశాడు.

అతనికో పద్ధతి ఉండేది. బండి షెడ్డులోకి రాగానే ముందు బానెట్ ఊడదీసి తన ఇంటి వసారాలోకి మోసుకుపోయేవాడు. గోడకు ఆనించి, పైన గోనెపట్టా కప్పేవాడు. "ఇది తీసినకాడ్నుంచి మళ్ళీ మూసేదాకా బండి నాదండి. మూసినాక మీది," అని ముందే చెప్పేవాడు. ఇంజను ఎంత చక్కగా ఆడుతున్నా, తనకు తృప్తి కలిగేదాకా బానెట్ వసారా దాటి వచ్చేది కాదు. వచ్చిన రోజున దాన్ని గుడ్డతో తుడిచి, బిగించి, అరచేత్తో రెండుసార్లు చరిచేవాడు. కొబ్బరికాయలూ నిమ్మకాయలూ ఏమీ లేవు. అంతే, బండి మనది.

ఆ చరుపు మీద ఈ చుట్టుపక్కల జనానికి ఎంత గురి అంటే, అతని షెడ్డు నుంచి వచ్చిన లారీ ఎక్కేముందు కూలీలు "మేస్త్రి మూశాడా?" అని అడిగి మరీ ఎక్కేవాళ్ళు. బానెట్ లేని బండి కదిలితే పక్కకు తప్పుకునేవాళ్ళు. చివరికది ఊతపదమైపోయింది. పెళ్ళి సంబంధాలు మాట్లాడేచోట కూడా, "ఏవండీ, మేస్త్రి మూసినట్టేనా?" అని ఎగతాళి చేసుకునేవాళ్ళం. మేస్త్రి భార్యకి మాత్రం ఈ పద్ధతంటే పడేది కాదు. "ఊళ్ళోవాళ్ళ బానెట్లన్నీ నా వసారాలోనేనండీ. మనుషులు నడుం వాల్చే చోటు లేదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. చెబుతూనే వాటి మీద గోనెపట్టా సర్దేది.

ఇక నా కారు సంగతి. జమీందారీలు పోయాక వాళ్ళ కార్లు ఒకటొకటే బయటికొచ్చాయి. అలా వచ్చిన అమెరికా కారొకటి నేను కొన్నాను. ముప్పయ్యేళ్ళ కిందటిది. వేటకెళ్ళడానికని వెనక భాగం కోయించి టేకు చెక్కతో కట్టించుకున్నారట. ముందు చూస్తే దొర, వెనక చూస్తే ఎడ్లబండి. దాంట్లో మామిడి బుట్టలు ఎత్తితే బెజవాడ దాకా బాగానే లాగేది. కానీ గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు పెట్రోలు మంచినీళ్ళలా తాగేది. చైనా యుద్ధం వచ్చిన తర్వాతి వేసవికి దాన్ని మేపటం నావల్ల కాలేదు. అందరూ డీజిల్ ఇంజను వేయించమన్నారు. బెజవాడలో పాతసామాన్ల కొట్టు నుంచి, గుద్దుకుని నుజ్జయిన వ్యానుదొకటి తెచ్చి మేస్త్రి షెడ్డులో దింపాను.

కారు చుట్టూ ఒకసారి, ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పడుద్దా మేస్త్రీ?" అన్నాను. చాలాసేపటికి, "పట్టిద్దామండి. ఇంజను మార్చటమంటే ఇంజనొక్కటే మార్చటం కాదు. పెద్దకోడలు పుట్టింటికెళ్తేనే కదండీ, ఇంట్లో ఆవిడెన్ని పనులు చేసేదో తెలిసేది. అయ్యన్నీ ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి," అన్నాడు. అని బానెట్ విప్పి వసారాలోకి తీసుకుపోయాడు.

మాఘమాసంలో మొదలుపెట్టాడు. మూడు సరుగుడు దుంగలు నిలబెట్టి, కప్పీ గొలుసు వేసి పాత ఇంజను దించాడు. కొత్తది దానికంటే పొట్టి, కానీ బరువెక్కువ. ఆ బరువు ఆగటానికి ముందువైపు కమానులకి ఒక్కో పట్టీ ఎక్కించాడు. పాత గేరుబాక్సుకీ కొత్త ఇంజనుకీ మధ్య సరిపడే పళ్ళెం లాంటి ఇనుపబిళ్ళని ఆకురాయి పెట్టి చేత్తో అరగదీశాడు. దానికే ఇరవై రోజులు పట్టింది. నేను రెండ్రోజులకోసారి వెళ్ళి బుర్ర తినేవాణ్ణి. ఒక్కోరోజు షెడ్డులో మనిషే ఉండేవాడు కాదు, ఏ తోటలోనో నీళ్ళింజను ఆగిపోయిందని పోయేవాడు. "నా పని మధ్యలో వదిలేసి పోతావేంటయ్యా?" అంటే, "మీ కారు నీళ్ళకేడవదండి, మొక్కలేడుస్తయ్," అనేవాడు. కోపం వచ్చేది గానీ ఏమంటాం?

వైశాఖం మధ్యలో ఒక ఉదయం ఇంజను పలికింది. నల్లటి పొగ లేచి షెడ్డు మీద కాకులన్నీ ఎగిరిపోయాయి. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. మేస్త్రి పుల్ల పళ్ళమధ్య పెట్టుకుని విన్నాడు, తలాడించాడు. కారు బయటికి తీసి రోడ్డు మీద నాలుగు ఫర్లాంగులు పోయి తిరిగొచ్చాడు. దిగేటప్పుడు అతని మొహంలో ముందరి సంతోషం లేదు.

"బ్రేకు చాలట్లేదండి."

"ఇప్పుడు నువ్వు తొక్కితే ఆగిందిగా, పడుతోంది."

"ఖాళీబండి కాబట్టి. పెట్రోలింజను గాలి లాక్కుంటది కదండీ, ఆ లాగుడుతోనే ఇదిగో, ఈ డబ్బా బ్రేకుని లాగుద్ది. మీ కాలు సగం, ఇంజను సగం. డీజిలింజనుకి ఆ లాగుడు లేదు. ఇప్పుడు మొత్తం మీ కాలేనండి. బుట్టలెత్తితే ఆగదు. వేరే పంపొకటి తగిలించాలి."

అంత చిన్న పంపు కోసం అతను మూడుసార్లు బెజవాడ తిరిగాడు, దొరకలేదు. నాలుగోసారి వెళ్ళేముందు, నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, ఎన్నడూ ఇవ్వని మాట ఇచ్చాడు. "కొట్లో తీసి ఉంచారంటండి. రేపు తెస్తాను, ఎల్లుండి సాయంత్రానికి మూసేస్తాను."

ఎల్లుండి. రెండు రోజులు. అంతే.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ఇంజను పలికిన రోజునే నేను ఎగిరి గంతేసి బెజవాడ షావుకారుకి కబురు పెట్టేశాను, ఫలానా రోజుకి మొదటి కోత రసాలు నా సొంత బండిలో దింపుతానని. తోటలో కాయ కోయించేశాను. పెళ్ళిళ్ళ రోజులు కావటంతో లారీలూ బళ్ళూ ఒక్కటీ దొరకలేదు. నిజానికి రసం కాయకేం తొందర లేదు. సొన కారనిచ్చి వరిగడ్డిలో పెడితే మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. ఆగలేనిది కాయ కాదు, నేను. షావుకారు దగ్గర మాట పోతుందని నా బాధ. నా మాట నిలబెట్టుకోవటానికి ఇంకొకరి మాట తీసుకెళ్ళి గంగలో కలిపాను.

మేస్త్రి మొదటి బస్సుకి బెజవాడ వెళ్ళిపోయాడని తెలిసే షెడ్డుకి వెళ్ళాను. తాళంచెవి గూట్లో ఉంటుందని తెలుసు, తీసుకున్నాను. ఇంజను పలికించాను. అప్పుడు గుర్తొచ్చింది, బానెట్ లేకుండా తీసుకెళ్తే తోటలో ఒక్క కూలీ కూడా బుట్ట ఎత్తడని. వసారాలోకి వెళ్ళి గోనెపట్టా తీశాను. మేస్త్రి భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచింది.

"ఆయన మూయలేదండీ బాబుగారూ."

"తెలుసమ్మా. మధ్యాహ్నానికల్లా మళ్ళీ తెచ్చి ఇక్కడే పెడతా."

"ఆయన వచ్చిందాకా ఉండండి. నన్ను చంపేస్తాడండీ."

"నేను చెప్పుకుంటాలే అమ్మా," అన్నాను. నేను చెప్పుకుంటానన్నాను! ఆ మాట నా నోటితోనే అన్నాను. బానెట్ మోసుకొచ్చి, బిగించి, తోలుపట్టీ లాగి కట్టాను. చరవలేదు. ఆ పాటి సిగ్గు ఉంది.

తోటలో బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. సుబ్బయ్య అనే మనిషి బుట్టలెత్తటానికీ, బెజవాడలో దించటానికీ నాతో వచ్చేవాడు. చెట్టెక్కి చిక్కంతో కాయ కోయటంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. బుట్టలన్నీ ఎత్తాక, పైకెక్కబోతూ బానెట్ వంక చూశాడు.

"మేస్త్రి మూశాడాండీ?"

"ఊఁ," అన్నాను.

అతను ఎక్కి బుట్టల మీద కూర్చున్నాడు.

ఆగిరిపల్లి దాటాక కొండ పక్కన రోడ్డు కాస్త పల్లంలోకి దిగుతుంది. ఎదురుగా పెళ్ళివారి బళ్ళు రెండు వరసగా వస్తున్నాయి, ఆడవాళ్ళూ పిల్లలూ నిండుగా. బ్రేకు తొక్కాను. పడింది, కానీ బండి ఆగలేదు. రెండు కాళ్ళూ పెట్టి సీట్లోంచి లేచి తొక్కాను. మేస్త్రి చెప్పినట్టు, మొత్తం నా కాలే. పెళ్ళిబళ్ళ మీదకి పోనివ్వకూడదని స్టీరింగు పక్కకి కోశాను. తూము గోడకి కొట్టుకుని కారు ఒరిగిపోయింది. నాకు నుదురు చిట్లింది, అంతే. కాయలు రోడ్డంతా దొర్లాయి. పిల్లలు బళ్ళు దూకి ఏరుకోవటం మొదలుపెట్టారు. సుబ్బయ్య బుట్టల కింద ఉన్నాడు. అరవలేదు. మంచినీళ్ళడిగాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. పెద్దాసుపత్రిలో కాలు తీసేయలేదు గానీ, అతుక్కున్నాక పొట్టిదైపోయింది. చెట్టెక్కే కాలది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు దగ్గర జనం చేరారు. సుబ్బయ్య బంధువులు, ఇద్దరు లారీల వాళ్ళు, దారినపోయే వాళ్ళు. నేనూ వెళ్ళాను, తలకి కట్టుతో. చెప్పేద్దామనే వెళ్ళాను. ఈ మాట ఇప్పుడెవరు నమ్ముతారో తెలియదు. రాత్రి బెజవాడలోనే ఉండిపోయిన మేస్త్రి అప్పుడే బస్సు దిగి వచ్చాడు. చంకలో సంచి, అందులో పేపరు చుట్టిన పంపు.

సుబ్బయ్య బావమరిది అతని మీదకెళ్ళాడు. "బ్రేకు చూడకుండానే మూసేశావా మేస్త్రీ? నువ్వు మూశావనే కదా మావోడెక్కింది!"

మేస్త్రి నావైపు చూశాడు. నా తలకట్టు చూశాడు, నా కళ్ళలోకి చూశాడు. జవాబు ఆలస్యంగా ఇవ్వటం అతనికి అలవాటే కదా, ఆ రోజు ఇంకా ఆలస్యం చేశాడు. ఆ కాసేపూ నాకోసమే ఆగాడని నాకప్పుడే తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పోలీసులు, సుబ్బయ్య పెళ్ళాంబిడ్డలు, నా తోటలు, నా పరువు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మేస్త్రి భార్య గుమ్మంలోకి వచ్చి, "మూసింది ఆయన కాదు..." అని ఏదో అనబోయింది.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు మేస్త్రి. తర్వాత జనంతో, "బండి నా షెడ్డులోంచే పోయిందండి," అన్నాడు.

అంతే, ఆ రోజుతో అయిపోయింది. వారం తిరక్కుండా షెడ్డులో ఉన్న రెండు లారీలూ బెజవాడ పోయాయి. తర్వాత ఎవరూ ఇంజను మార్చమని అతని దగ్గరకి రాలేదు, వచ్చినా అతను పట్టుకోలేదు. తాటాకు కప్పు కూలినా మళ్ళీ వేయించలేదు. సైకిలుకి సంచి తగిలించుకుని తోటల వెంట నీళ్ళింజన్లు బాగుచేస్తూ తిరిగాడు. నీళ్ళింజనుకి బానెట్ ఉండదు. "మేస్త్రి మూశాడా?" అనే మాట ఊళ్ళో పోలేదు గానీ, అర్థం తిరగబడింది. ఎవరైనా పని అరకొరగా చేస్తే అనేవాళ్ళు. నా ముందే అనేవాళ్ళు. నేను నవ్వినట్టు మొహం పెట్టేవాణ్ణి.

నాలుగేళ్ళకి మేమిద్దరం ఒక్కచోట పడ్డాం. జి. కొండూరు దగ్గర నేను గుత్తకి తీసుకున్న తోటలో ఇంజను ఆగిపోతే, తోట ఆసామి ఇతన్ని పిలిపించాడు. ముసలివాడైపోయాడు. నన్ను చూసి, "బాగున్నారాండీ?" అన్నాడు, ఎప్పటిలాగే. ఆసామి భోజనానికి వెళ్ళాడు. మేమిద్దరమే మిగిలాం. టీ తెప్పించి ఇచ్చాను. అతను పుల్ల పళ్ళమధ్య పెట్టుకుని ఇంజను వింటున్నాడు. అతని వీపు చూస్తే నాకు కొంచెం ధైర్యం వచ్చింది, మొహం చూడక్కర్లేదు కదా.

"మేస్త్రీ, ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాను. వినబడలేదేమోనని గట్టిగా ఇంకోసారి అడిగాను.

పుల్ల తీశాడు. దాని కొస బనీనుకి తుడుచుకున్నాడు.

"మీరు చెబుతారని చూశానండి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వాల్వు సరిగా కూచోట్లేదని చెప్పినట్టే చెప్పాడు. అప్పుడైనా, సరే పద మేస్త్రీ, ఇప్పుడే వెళ్ళి చెబుదాం అని లేచి ఉంటే ఇదంతా ఇప్పుడు రాయాల్సొచ్చేది కాదు. టీ చల్లారుతోంది తాగమన్నాను. అతను తాగాడు, ఇంజను బాగుచేశాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అదే కడసారి చూపు.

సోడా కొట్టు దగ్గర కబురు విన్న మూడోరోజు సుబ్బయ్య ఇంటికి వెళ్ళాను. ధైర్యం వచ్చి వెళ్ళలేదు. మోసి మోసి చేతకాక వెళ్ళాను. సుబ్బయ్య చూరు కింద కూర్చుని కాయలు కోసే చిక్కం అల్లుతున్నాడు. చెట్టెక్కేవాళ్ళకి ఇప్పుడు అతనే అల్లి ఇస్తాడు. కూర్చోమన్నాడు. కూర్చోకుండానే మొత్తం చెప్పాను. మధ్యలో అతని చేతులు ఆగిపోయాయి.

"అయితే మూసింది ఆయన కాదాండీ?"

"కాదు. నేనే."

"ఆయన ఊళ్ళోనే లేడా?"

"లేడు. ఆ బ్రేకు సామాను కోసమే బెజవాడ వెళ్ళాడు."

సుబ్బయ్య చిక్కం పక్కన పెట్టాడు. "మొన్న ఆయన పదకొండో రోజుకి, ఆయమ్మ ఇంతదూరం నడిచొచ్చి భోజనానికి పిలిచిందండి," అన్నాడు. "నా కాలిరగ్గొట్టినోడి ఇంట్లో నన్ను కూడు తినమంటావా అని వాకిట్లోంచే తిట్టి పంపేశాను. ఏమీ అన్లేదండి. కళ్ళు తుడుచుకుంటా పోయింది."

"తప్పంతా నాది సుబ్బయ్యా."

అతను గోడ పట్టుకుని లేచాడు. లోపలికెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కుని, కర్ర తీసుకుని వచ్చాడు. ఎక్కడికని నేను అడగనక్కర్లేదు. ఆ కాలుతో నూజివీడు దాకా ఎలా వెళ్తాడని, "ఉండు, జట్కా మాట్లాడతాను. నేనూ వస్తాను," అన్నాను.

"మీరు రాకండి," అన్నాడు సుబ్బయ్య.